ఒక గోల్, రెండు వెలివేతలు

1980 ఫిబ్రవరి 9. ఇంగ్లండ్ తూర్పు ప్రాంతంలోని నార్విచ్ నగరం. కారో రోడ్ మైదానంలో స్థానిక జట్టు నార్విచ్ సిటీ, ఆనాటి ఛాంపియన్ లివర్‌పూల్‌తో తలపడుతోంది. పెనాల్టీ బాక్స్ వెలుపల, గోల్ పోస్టులకు వీపు పెట్టి నిలబడిన ఒక నల్లజాతి కుర్రవాడికి బంతి అందింది. కుడికాలితో దాన్ని కొద్దిగా పైకి లేపాడు. ఒళ్ళంతా వెనక్కి తిప్పి, గాలిలో ఉన్న బంతిని ఎడమకాలితో బలంగా కొట్టాడు. లివర్‌పూల్ గోల్‌కీపర్ రే క్లెమెన్స్ దూకాడు గాని అందుకోలేకపోయాడు. కుర్రవాడు కేకలు పెట్టలేదు, గెంతులు వేయలేదు. ఒక వేలు పైకెత్తి నిలబడ్డాడు. ఆ మ్యాచ్‌లో నార్విచ్ 3–5 తేడాతో ఓడిపోయింది. అయినా ఆ గోల్‌నే బీబీసీ ఆ సీజన్‌లో ఉత్తమమైనదిగా ఎంపిక చేసింది.

ఆ కుర్రవాడి పేరు జస్టిన్ ఫాషాను. అప్పటికి అతడికి పంతొమ్మిదేళ్ళు నిండటానికి ఇంకా పది రోజులుంది. పద్దెనిమిదేళ్ళ తర్వాత, 1998 మే నెల తొలి రోజుల్లో, లండన్‌లోని షోర్‌డిచ్ ప్రాంతంలో ఒక పాత గ్యారేజీలో అతడి మృతదేహం కనిపించింది. వయసు 37. మృతిపై విచారణ జరిపిన అధికారి దాన్ని బలవన్మరణంగా నిర్ధారించాడు.

ఒక మనిషి తన ప్రాణం తీసుకోవడానికి ఫలానాదే కారణమని బయటివారు ఒక్క మాటలో తేల్చడం సరికాదు. ఈ వ్యాసం ఆ పని చేయబోదు. అయితే ఆ గోల్‌కూ ఆ గ్యారేజీకీ మధ్య అతడు రెండుసార్లు వెలివేతకు గురయ్యాడు. ఆ రెండుసార్లూ అతణ్ణి వెలివేసినవారు కరడుగట్టిన జాత్యహంకారులు కారు. ఒకరు జాత్యహంకారాన్ని బహిరంగంగా వ్యతిరేకించిన వామపక్షాభిమాని. మరొకరు అతడి సొంత తమ్ముడు. ఆ తమ్ముడి వెనుక అతడి సొంత సమాజపు గొంతు కూడా ఉంది. సామాజిక న్యాయం గురించి చదువుతున్న, రాస్తున్న, పోరాడుతున్న మనం ఫాషాను కథను పట్టించుకోవలసింది అందుకే.

తెల్ల పల్లెలో ఇద్దరు నల్ల పిల్లలు

జస్టిన్ 1961 ఫిబ్రవరి 19న లండన్‌లోని హాక్నీలో పుట్టాడు. తండ్రి నైజీరియాకు చెందిన న్యాయవాది. తల్లి బ్రిటిష్ గయానా నుంచి వచ్చిన నర్సు. దంపతులు విడిపోయాక జస్టిన్‌నూ, అతడి తమ్ముడు జాన్‌నూ బర్నార్డోస్ అనాథాశ్రమానికి పంపారు. జస్టిన్‌కు ఆరేళ్ళ వయసులో, నార్ఫోక్ గ్రామీణ ప్రాంతంలోని ష్రోఫమ్ అనే పల్లెకు చెందిన ఒక తెల్లజాతి దంపతులు ఆ అన్నదమ్ములిద్దరినీ పెంపకానికి తీసుకున్నారు. చుట్టుపక్కల అందరూ తెల్లవారే. దాదాపు అదే కాలంలో, 1968లో, ఇనోక్ పావెల్ అనే పార్లమెంటు సభ్యుడు వలసదారులకు వ్యతిరేకంగా చేసిన ప్రసంగం బ్రిటన్‌ను కుదిపేసింది. తమ చర్మం రంగు ఒక జాతీయ సమస్యగా చర్చకు వచ్చిన దేశంలో, తమ రంగువాళ్ళు మరొకరు కనిపించని పల్లెలో ఆ పిల్లలు పెరిగారు. ఆ ఒంటరితనంలో ఒకరికొకరు తోడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తర్వాత జరిగినదాని బరువు అప్పుడే తెలుస్తుంది.

జస్టిన్ మొదట బాక్సింగ్‌లో రాణించాడు. తర్వాత ఫుట్‌బాల్‌ను ఎంచుకున్నాడు. 1978 చివర్లో నార్విచ్ సిటీతో వృత్తి ఆటగాడిగా ఒప్పందం కుదిరింది. 1979 జనవరి 13న వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్‌పై తొలి లీగ్ మ్యాచ్ ఆడాడు. సిరిల్ రెజిస్, లారీ కన్నింగ్‌హామ్, బ్రెండన్ బాట్సన్ అనే ముగ్గురు నల్లజాతి ఆటగాళ్ళతో ఆ సీజన్‌లో దేశాన్ని ఆకట్టుకున్న క్లబ్ అది. అంతకు కొన్ని వారాల ముందే, 1978 నవంబరులో, వివ్ ఆండర్సన్ ఇంగ్లండ్ సీనియర్ జట్టుకు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు.

ఆ తరం ఆటగాళ్ళు మైదానంలోకి దిగితే ప్రేక్షకుల గ్యాలరీల నుంచి కోతి అరుపులు వినిపించేవి. అరటిపండ్లు వచ్చి పడేవి. రెజిస్‌కు ఇంగ్లండ్ జట్టు పిలుపు వచ్చినప్పుడు ఎవరో పోస్టులో తుపాకీ గుండు పంపారు. ఆట నడిపేవారు దీన్ని ఆటలో భాగంగా చూశారు. ఓర్చుకుని ఆడినవాణ్ణి మెచ్చుకున్నారు గాని, ఓర్చుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందని అడగలేదు. నల్లవాళ్ళకు వేగం ఉంటుంది, బలం ఉంటుంది, గుండెధైర్యం ఉండదు, చలికి ఆగలేరు అనే మాటలు శిక్షకుల నోటి నుంచే వచ్చేవి. ఒక వర్గాన్ని శరీరంగా అంగీకరించి, బుద్ధిగా తిరస్కరించే ఈ పద్ధతి మన పాఠకులకు కొత్తదేమీ కాదు.

ఆ వాతావరణంలో జస్టిన్ నార్విచ్ తరఫున 90 లీగ్ మ్యాచ్‌లు ఆడి 35 గోల్స్ కొట్టాడు. 1980–81 సీజన్‌లో జట్టు పైస్థాయి డివిజన్ నుంచి కిందికి జారిపోయినా, ఒక్క లీగ్‌లోనే అతడి గోల్స్ 19. ఇంగ్లండ్ అండర్–21 జట్టుకు 11 మ్యాచ్‌లు ఆడాడు. సెంటర్ ఫార్వర్డ్‌గా సీనియర్ జట్టులో అతడి స్థానం ఖాయమని చాలామంది అనుకున్నారు.

పది లక్షల పౌండ్ల ధర

1981 ఆగస్టులో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్ పది లక్షల పౌండ్లకు జస్టిన్‌ను కొనుక్కుంది. బ్రిటన్‌లో ఆ ధర పలికిన తొలి నల్లజాతి ఆటగాడు అతడే. అదే ఏడాది ఏప్రిల్‌లో లండన్‌లోని బ్రిక్స్‌టన్, జూలైలో లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్ అల్లర్లతో భగ్గుమన్నాయి. నిరుద్యోగం, పోలీసుల వేధింపులు భరించలేక నల్లజాతి యువకులు వీధుల్లోకి వచ్చారు. ఆ నేపథ్యంలో ఇరవై ఏళ్ళ నల్లజాతి యువకుడికి పది లక్షల పౌండ్ల ధర పలకడం ఒక ప్రతీకగా కనిపించింది. ప్రతిభ ఉంటే ఎవరైనా ఎదగవచ్చునని చెప్పుకోవడానికి వ్యవస్థకు ఒక ఉదాహరణ దొరికింది. అయితే ధర వేరు, విలువ వేరు. ధర కొనేవాడు నిర్ణయిస్తాడు. తనకు అక్కర్లేదనుకున్న రోజున అతడే దాన్ని రద్దు చేస్తాడు.

ఫారెస్ట్ మేనేజర్ బ్రయాన్ క్లఫ్ అసాధారణమైన శిక్షకుడు. ఒక చిన్న క్లబ్‌ను 1979, 1980లలో వరుసగా యూరోపియన్ కప్ విజేతగా నిలిపాడు. ఆయన లేబర్ పార్టీ అభిమాని. జాత్యహంకార ముఠాలకు వ్యతిరేకంగా ఏర్పడిన యాంటీ నాజీ లీగ్‌కు మద్దతుగా నిలిచాడు. గని కార్మికుల సమ్మెకు అండగా నిలబడ్డాడు. వివ్ ఆండర్సన్ ఇంగ్లండ్‌కు ఎంపికైంది కూడా క్లఫ్ జట్టులో ఆడుతున్నప్పుడే. వర్గ ప్రశ్న మీద, జాతి ప్రశ్న మీద ఆయన ఏ పక్షమో స్పష్టం.

జస్టిన్ నాటింగ్‌హామ్‌లోని గే క్లబ్బులకు వెళ్తున్నాడన్న మాట క్లఫ్ చెవిన పడింది. ఆయన జస్టిన్‌ను పిలిపించి, నీవు అక్కడికెందుకు వెళ్తున్నావని అవమానకరమైన భాషలో నిలదీశాడు. ఈ సంభాషణను క్లఫ్ తన ఆత్మకథలో తానే చెప్పుకున్నాడు. ఆ తర్వాత జస్టిన్‌ను జట్టుతో కలిసి శిక్షణ పొందకుండా నిషేధించాడు. అతడు వినకుండా మైదానానికి వస్తే పోలీసులను పిలిపించి బయటకు పంపించాడు. ఇంగ్లండ్‌లో వయోజన పురుషుల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదని చట్టం మారింది 1967లో. అంటే జస్టిన్ చట్టరీత్యా ఏ తప్పూ చేయలేదు. అయినా తాను పనిచేసే చోటు నుంచి పోలీసుల మధ్య నడిచి వెళ్ళవలసి వచ్చింది.

ఇది మొదటి వెలివేత. ఆట విషయంలోనూ జస్టిన్ తడబడ్డాడన్నది నిజం. ఫారెస్ట్ తరఫున 32 లీగ్ మ్యాచ్‌ల్లో అతడు కొట్టినవి 3 గోల్స్ మాత్రమే. ధర భారం, కొత్త జట్టు, కఠినుడైన మేనేజర్, వీటిలో దేని వాటా ఎంత అని ఇప్పుడు లెక్కగట్టలేం. కానీ ఆటలో వెనకబడిన ఆటగాణ్ణి రిజర్వు జట్టుకు పంపడం వేరు, పోలీసులతో గేటు దాటించడం వేరు. మొదటిది క్రీడా నిర్ణయం. రెండోది శిక్ష. 1982 డిసెంబరులో ఫారెస్ట్ అతణ్ణి అదే నగరంలోని నాట్స్ కౌంటీకి అమ్మేసింది. ధర లక్షా యాభై వేల పౌండ్లు. ఏడాదిన్నర తిరక్కుండానే పది లక్షల మనిషి విలువ ఆరో వంతు కూడా మిగల్లేదు.

నాట్స్ కౌంటీలో అతడు కొంత కుదురుకున్నాడు. 64 లీగ్ మ్యాచ్‌ల్లో 20 గోల్స్ చేశాడు. 1985లో బ్రైటన్‌కు వెళ్ళాడు. అక్కడ మోకాలికి తీవ్రమైన గాయమైంది. ఆట ముగిసిందనుకున్నారు. అతడు మాత్రం శస్త్రచికిత్స కోసం అమెరికా వెళ్ళి, లాస్ ఏంజెలిస్‌లోనూ, ఆ తర్వాత కెనడాలోనూ క్లబ్బులకు ఆడాడు. 1989లో ఇంగ్లండ్‌కు తిరిగి వచ్చి మాంచెస్టర్ సిటీ, వెస్ట్ హామ్, లేటన్ ఓరియెంట్ తలుపులు తట్టాడు. ఎక్కడా ఎక్కువ కాలం నిలవలేదు. ఈలోగా అతడు భక్తి గల క్రైస్తవుడయ్యాడు. విశ్వాసానికీ లైంగికతకూ మధ్య తనలో తాను పెనుగులాడుతూనే ఉన్నాడు.

సొంతవారి తీర్పు

1990 అక్టోబరు 22న ‘ది సన్’ పత్రిక మొదటి పేజీలో జస్టిన్ ప్రకటన వెలువడింది. తాను గే అని అతడు లోకానికి చెప్పాడు. బ్రిటన్‌లో ఆడుతున్న ఒక వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు ఆ మాట బహిరంగంగా చెప్పడం అదే మొదటిసారి. కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. ఎయిడ్స్ భయాన్ని అడ్డం పెట్టుకుని పత్రికలు గే పురుషులను మహమ్మారిలా చిత్రిస్తున్న రోజులవి. స్థానిక సంస్థలు స్వలింగ సంబంధాలను ‘ప్రోత్సహించరాద’ంటూ థాచర్ ప్రభుత్వం 1988లో సెక్షన్ 28 పేరుతో చట్టం తెచ్చింది. ఆ వాతావరణంలో ఆ మాట చెప్పడానికి ఎంత తెగువ కావాలో ఊహించవచ్చు. అయితే ఆ ప్రకటనను సంచలన వార్తలు అమ్ముకునే పత్రికకే అతడు డబ్బుకు అమ్మాడన్నది కూడా వాస్తవం.

అతడి తమ్ముడు జాన్ ఫాషాను అప్పటికి పేరున్న స్ట్రైకర్. 1988లో లివర్‌పూల్‌ను ఓడించి ఎఫ్‌ఏ కప్ గెలుచుకున్న వింబుల్డన్ జట్టు సభ్యుడు. అన్నకు దక్కని ఇంగ్లండ్ సీనియర్ జట్టు స్థానం 1989లో అతడికి దక్కింది. అన్న నోరు విప్పకుండా ఆపడానికి డబ్బు ఇచ్చానని జాన్ ఆ తర్వాత తానే చెప్పాడు. ప్రకటన వెలువడ్డాక ‘ది వాయిస్’ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో అన్నతో తనకు సంబంధం లేదన్నాడు. గే అయిన నా అన్న వెలి అనే అర్థం వచ్చే శీర్షికతో ఆ పత్రిక దాన్ని ప్రచురించింది. వెలి అన్న మాట బరువు ఎంతో, వెలివాడల చరిత్ర తెలిసిన మనకు ఎవరూ వివరించనక్కర్లేదు.

‘ది వాయిస్’ ఏదో ఛాందస పత్రిక కాదు. బ్రిక్స్‌టన్ అల్లర్ల తర్వాత, 1982లో, బ్రిటన్‌లోని నల్లజాతి ప్రజల గొంతు వినిపించడానికి పుట్టిన వారపత్రిక అది. తెల్ల పత్రికలు తమను నేరస్థులుగానే చూపిస్తున్నాయని, తమ కథ తామే చెప్పుకోవాలని తపించిన పత్రిక. అలాంటి పత్రికలోనే జస్టిన్ తన జాతికి తలవంపులు తెచ్చినవాడిగా నిలబడ్డాడు. పదేళ్ళ కిందట జాతి గౌరవానికి ప్రతీక. ఇప్పుడు జాతి పరువుకు మచ్చ. ఇది రెండో వెలివేత.

జాన్‌ను క్రూరుడని, ఆ పత్రికను సంకుచితమని కొట్టిపారేయడం తేలిక. అలా చేస్తే మనం నేర్చుకునేదేమీ ఉండదు. వారి కోపం వెనుక ఒక భయం ఉంది. అణగారిన సమాజానికి గౌరవం వారసత్వంగా రాదు. పిడికెడు పిడికెడుగా కూడబెట్టుకోవాలి. మేము సోమరులం కాము, నేరస్థులం కాము, మీవంటి మర్యాదస్తులమే అని ప్రతి తరమూ ఆధిపత్య వర్గాల ఎదుట రుజువు చేసుకోవాలి. నేరం మోపినవాడు కాక మోపబడినవాడే రుజువు చేసుకోవలసిన వింత న్యాయస్థానం అది. ఆ స్థితిలో సమాజం తన సభ్యులకు తానే కాపలాదారు అవుతుంది. మర్యాద అంటే ఏమిటో పైవాడు గీసిన గీతనే తన గీతగా స్వీకరిస్తుంది. ఆ గీత దాటినవాణ్ణి పైవాడి కంటే ముందు తానే శిక్షిస్తుంది. నల్లజాతి పురుషుడు అంటే బలం, పౌరుషం అన్న మూస కూడా తెల్ల ఆధిపత్యం తయారుచేసిందే. మైదానంలో ఆ మూస అవమానించింది. ఇంట్లో అదే మూస జస్టిన్‌ను తూచే తూనికరాయి అయింది.

డాక్టర్ అంబేడ్కర్ కులవ్యవస్థను అంతస్తుల అసమానతగా విశ్లేషించారు. ఈ నిచ్చెనమెట్ల వ్యవస్థలో పైమెట్టు మీద ఆగ్రహం ఉన్నవాడికే కిందిమెట్టు మీద ఏవగింపు కూడా ఉంటుంది. అందువల్ల నిచ్చెనను కూలదోయడానికి అందరి చేతులూ కలవవు. జాతి వేరు, కులం వేరు, లైంగికత వేరు. వాటి చరిత్రలు వేరు, వాటిని నిలబెట్టే ఆర్థిక పునాదులు వేరు. ఒకదాన్ని మరొకదానితో సమానమని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక మెట్టు మీద దెబ్బ తిన్నవాడు మరో మెట్టు మీద దెబ్బ కొట్టగలడన్న సత్యం జస్టిన్ జీవితంలోనూ కనిపిస్తుంది. బాధ అనుభవించినంత మాత్రాన ఇతరుల బాధ అర్థం కాదు. అర్థం చేసుకోవడం ఒక రాజకీయ శ్రమ. దాన్ని విడిగా చేయాలి.

మచ్చలేని బాధితుడు కావాలా?

ఇక్కడి నుంచి జస్టిన్ కథ అభిమానులకు ఇబ్బంది కలిగిస్తుంది. 1991 నుంచి 1993 వరకు దిగువ డివిజన్‌లోని టార్కీ యునైటెడ్‌కు 41 లీగ్ మ్యాచ్‌లు ఆడి 15 గోల్స్ చేశాడు. ప్రేక్షకులు అసభ్యంగా అరుస్తున్నా ఆడాడు. తర్వాత స్కాట్లండ్‌లో ఎయిర్‌డ్రీకి, ఎడిన్‌బరోలోని హార్ట్స్‌కు ఆడాడు. 1994లో, అధికార పార్టీ రాజకీయ నాయకులతో తనకు సంబంధాలున్నాయంటూ పత్రికలకు కథలు అమ్మబోయాడు. అవి అబద్ధాలని తేలింది. హార్ట్స్ అతణ్ణి తొలగించింది. స్వీడన్, కెనడా, అమెరికా, న్యూజిలాండ్ క్లబ్బుల మీదుగా సాగిన ప్రయాణం చివరికి అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో శిక్షకుడిగా ఆగింది.

1998 మార్చిలో అక్కడ 17 ఏళ్ళ బాలుడొకడు జస్టిన్ తనపై లైంగిక దాడి చేశాడని ఫిర్యాదు చేశాడు. పోలీసులు ప్రశ్నించారు. ఆ తర్వాత జస్టిన్ ఇంగ్లండ్‌కు వచ్చేశాడు. విచారణ జరగకముందే మరణించాడు. పరస్పర సమ్మతితోనే జరిగిందని, తనను అప్పటికే దోషిగా నిర్ణయించారని, మిత్రులకూ కుటుంబానికీ ఇంకా తలవంపులు తేదల్చుకోలేదని అతడు రాసి పెట్టిన చీటీ సారాంశం. ఆ ఆరోపణ నిజమో కాదో న్యాయస్థానం తేల్చలేదు. మనమూ తేల్చలేం. జస్టిన్ మీద సానుభూతితో ఆ ఫిర్యాదును తోసిపుచ్చే హక్కు మనకు లేదు. ఫిర్యాదు చేసిన ఆ బాలుడి మాట వినవలసిన చోట వినే అవకాశం లేకుండా పోయింది. అది అతడికి జరిగిన నష్టం.

మరి ఇలాంటి మనిషి గురించి ఎందుకు రాయాలి? అబద్ధాలు అమ్మినవాడు, తీవ్రమైన ఆరోపణ ఎదుర్కొన్నవాడు ఏ న్యాయానికి ప్రతినిధి అవుతాడు? ఈ ప్రశ్న వెనుక మనకు బాగా తెలిసిన ఒక షరతు దాగి ఉంది. బాధితుడు మచ్చలేనివాడై ఉండాలన్నదే ఆ షరతు. ఒక దళితుడి మీద దాడి జరిగితే అతడి తాగుడు గురించి, అప్పుల గురించి, ప్రేమ వ్యవహారాల గురించి ఆరా తీసే సమాజం మనది. విద్యార్థి చనిపోతే అతడి మార్కుల పట్టిక బయటకు లాగే సంస్థలు మనవి. ఆధిపత్య కులాల్లో పుట్టినవాడికి సామాన్యుడిగా, తప్పులు చేసే మనిషిగా బతికే వెసులుబాటు పుట్టుకతోనే లభిస్తుంది. అణగారినవాడికి మాత్రం మహాత్ముడైతేనే మనిషి హోదా. జస్టిన్ 1994లో చెప్పిన అబద్ధాలకు అతడే బాధ్యుడు. కానీ 1982లో అతణ్ణి గేటు బయటకు నడిపించిన పోలీసులకు ఆ అబద్ధాలు సమర్థన కాలేవు. తప్పుకు జవాబుదారీ అడగడం, మనిషిగా గుర్తించడం పరస్పర విరుద్ధమైన పనులు కావు. రెండూ ఏకకాలంలో చేయగలగడమే న్యాయబుద్ధి.

జస్టిన్ మరణించాక కాలం కదిలింది, చాలా నెమ్మదిగా. మేనకోడలు కాదు, తమ్ముడు జాన్ కూతురే అయిన అమల్ ఫాషాను 2012లో బీబీసీ డాక్యుమెంటరీలో తన పెదనాన్న గురించి తండ్రినే ప్రశ్నించింది. జాన్ ఆలస్యంగానైనా తన ప్రవర్తనకు పశ్చాత్తాపం ప్రకటించాడు. 2020లో ఇంగ్లండ్‌లోని నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియం జస్టిన్‌కు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చింది. జర్మనీ జాతీయ జట్టుకు ఆడిన థామస్ హిట్జిల్‌స్పెర్గర్ తాను గే అని 2014లో ప్రకటించాడు గాని, అప్పటికే ఆట నుంచి విరమించుకున్నాడు. బ్రిటన్‌లో ఆడుతూ ఉండగానే ఆ మాట చెప్పిన మరో పురుష వృత్తి ఆటగాడు కనిపించడానికి 2022 మే వరకు ఆగవలసి వచ్చింది. బ్లాక్‌పూల్ క్లబ్‌కు చెందిన జేక్ డేనియల్స్‌కు అప్పుడు 17 ఏళ్ళు. మధ్యలో గడిచినవి ముప్పై రెండేళ్ళు. ఆ కాలంలో వేలాది మంది ఆ లీగుల్లో ఆడారు. వారిలో ఒక్కరు కూడా గే లేరని ఎవరూ నమ్మరు. జస్టిన్‌కు జరిగింది చూసి మౌనం నేర్చుకున్నారు. వెలివేత పనిచేసే తీరే అది. ఒక్కణ్ణి వెలివేస్తే చాలు, మిగిలినవారు వాళ్ళంతట వాళ్ళే ఒదిగిపోతారు.

‘ముందు పెద్ద పోరాటం’

ఇప్పుడు నా సంగతి. కొన్నేళ్ళ కిందట ఒక పరిశోధక విద్యార్థి సాయంత్రం పూట నా గదికి వచ్చాడు. క్యాంపస్‌లో కుల వివక్షపై జరిగిన ప్రతి ధర్నాలోనూ ముందు నిలబడినవాడు. కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పాడు. తన కులం గురించి వేదిక ఎక్కి మాట్లాడగలడు. తాను గే అన్న సంగతి మాత్రం తనతో కలిసి నినాదాలిచ్చే హాస్టల్ మిత్రులకు చెప్పలేకపోతున్నాడు. వాళ్ళ జోకులు రోజూ వింటున్నాడు. సంఘం లోపల ఈ విషయం చర్చకు పెట్టవచ్చా అని నన్నడిగాడు. నేను అతణ్ణి తిట్టలేదు. ఏవగించుకోలేదు. ‘‘ఇప్పుడు సమయం కాదు నాయనా. మనల్ని దెబ్బతీయడానికి వాళ్ళకో సాకు దొరుకుతుంది. ముందు పెద్ద పోరాటం కానీ, ఇది తర్వాత చూద్దాం’’ అన్నాను. సరే సార్ అని వెళ్ళిపోయాడు. చదువు పూర్తి చేసుకున్నాడు. మళ్ళీ నా గదికి రాలేదు.

ఆ మాట నాకు కొత్తది కాదు. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు, కులం గురించి మేము నోరు విప్పితే కొందరు వామపక్ష నాయకులు మాతో అన్నది అదే. ముందు వర్గపోరాటం, కులం తర్వాత. ఆ మాటకు మేము ఎంత మండిపడ్డామో నాకు గుర్తుంది. దళిత స్త్రీలు ఇంటి లోపలి పితృస్వామ్యాన్ని ప్రశ్నించినప్పుడు దళిత పురుషులు వారితో అన్నదీ అదే. 1994లో మాదిగ దండోరా మోగినప్పుడు, ఐక్యత దెబ్బతింటుందంటూ వినిపించిందీ అదే. ప్రతిసారీ ‘తర్వాత’ అన్నవాడు పోరాటంలో ఉన్నవాడే. ప్రతిసారీ ఆగవలసింది మాత్రం తనకంటే కింద ఉన్నవాడు. ఆ సాయంత్రం నా బల్ల వెనుక కూర్చుని నేను ఏకకాలంలో బ్రయాన్ క్లఫ్‌నూ, జాన్ ఫాషానునూ అయ్యాను. గొంతు మాత్రం మెత్తగా ఉంది. అంతే తేడా.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు సెక్షన్ 377 విషయంలో ఇచ్చిన తీర్పుతో వయోజనుల మధ్య సమ్మతితో ఉన్న స్వలింగ సంబంధం మన దేశంలోనూ నేరం కాకుండా పోయింది. 1967 చట్టం జస్టిన్‌ను కాపాడలేకపోయినట్టే, చట్టం ఒక్కటే మన విద్యార్థులనూ కాపాడలేదు. అయినా మన చేతిలో ఒక ఆధారం ఉంది. యూజీసీ 2016లో ర్యాగింగ్ నిరోధక నిబంధనలను సవరించింది. రంగు, జాతి, మతం, కులం, జెండర్, లైంగికత వంటి కారణాలతో తోటి విద్యార్థిని వేధించడాన్ని, వెలిపెట్టడాన్ని ర్యాగింగ్‌గా పేర్కొంది. కులమూ లైంగికతా ఆ నిబంధనలో ఒకే వాక్యంలో ఉన్నాయి. మన ఉద్యమాల్లో మాత్రం ఇంకా వేర్వేరు వాక్యాల్లో ఉన్నాయి. ఒకటి ఇప్పుడు, ఒకటి తర్వాత.

కాబట్టి విద్యార్థి సంఘాల మిత్రులకు నా విన్నపం చిన్నది. మీ సభ్యత్వ పత్రంలో, మీ అధ్యయన తరగతుల్లో, మీ హాస్టల్ గదుల్లో ఈ ప్రశ్నకు చోటివ్వండి. జోకు వినిపించిన చోటే ఆపండి. నోరు విప్పి చెప్పుకోవడానికి వచ్చినవాడికి సలహా ఇచ్చే ముందు కుర్చీ చూపించండి. దీనివల్ల కుల నిర్మూలన పోరాటం బలహీనపడుతుందని భయపడనవసరం లేదు. తనవారిలోనే కొందరిని దాచిపెట్టుకుని సాగే పోరాటం ఎప్పుడో ఒకప్పుడు వారిని కోల్పోతుంది.

ఆ విద్యార్థి ఇప్పుడు వేరే నగరంలో ఉద్యోగం చేస్తున్నాడని విన్నాను. ఈ పేజీ అతడు చదివేవాడు, ఇప్పటికీ చదువుతుండవచ్చు. ఆ రోజు నేను చెప్పింది తప్పు. సమయం అప్పుడే.